యూవీ లెక్కలోకి చొరబడే వేడి

మే నెలలో హైదరాబాద్‌లో ఎవరి ఫోను తెరిచినా వాతావరణం పేజీలో రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఉష్ణోగ్రత, 41 అనో 42 అనో. రెండోది యూవీ సూచిక, అంటే ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల తీవ్రతను చెప్పే అంకె, 11 అనో 12 అనో. రెండూ ఒకే కాలంలో పెరుగుతాయి కనుక ఒకదానికి ఇంకొకటి కారణమని చాలామంది అనుకుంటారు. గాలి వేడెక్కినంత మాత్రాన అతినీలలోహిత కిరణాలు పెరగవు. సూర్యుడు నడినెత్తికి ఎంత దగ్గరగా ఉన్నాడు, పైన ఓజోన్ ఎంత ఉంది, మధ్యలో మబ్బూ దుమ్మూ ఎంత అడ్డుపడుతున్నాయి అన్నవే ప్రధానంగా వాటి మోతాదును నిర్ణయిస్తాయి. డిసెంబరు చివరి వారంలో, తెల్లవారుజామున స్వెటర్లు లేనిదే బయటికి రాలేని రోజుల్లో కూడా, మబ్బు లేని మధ్యాహ్నం మన నగరంలో యూవీ సూచిక 7 దాకా చేరుతుంది.

కిరణాలతో వేడికి నేరుగా సంబంధం లేకపోవచ్చు గాని, ఆ కిరణాలను కొలిచే పరికరంతో మాత్రం గట్టి సంబంధమే ఉంది. మేడ మీద బిగించిన యూవీ మీటరు ఎండలో కాగుతూ ఎండను కొలుస్తుంది. అది వేడెక్కే కొద్దీ లోపలి పదార్థాల స్పందన మారిపోతుంది, ఫలితంగా అదే కాంతికి వేరే అంకె చూపిస్తుంది. కొలతలన్నాక ఎంతో కొంత తేడా ఉంటుందని, పది కొలతల సగటు తీస్తే అది సర్దుకుంటుందని ఇక్కడ ఊరుకోవడానికి వీల్లేదు. గాలివాటున ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చే తేడాలను సగటు కడిగేస్తుంది. వేడి వల్ల వచ్చే తేడా అలాంటిది కాదు. అది సూర్యుడితోపాటు పెరుగుతుంది, సూర్యుడితోపాటు తగ్గుతుంది, కొలవవలసిన విషయం వెంటే నీడలా నడుస్తుంది. అందుకే అది లెక్కలో ఉందని కూడా చాలాకాలం తెలియకుండా ఉండిపోగలదు.

కొలిచేది ఎంత, కాగేది ఎంత

ముందుగా కొలవవలసిన పరిమాణం ఎంత స్వల్పమో చూడాలి. నిర్మలమైన వేసవి మధ్యాహ్నం నేలపై ప్రతి చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల సూర్యశక్తి పడుతుంది. అందులో అతినీలలోహిత భాగం 5 శాతం అటూ ఇటూ. ఆ 5 శాతంలోనూ చాలా మటుకు 315 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే యూవీ-ఎ కిరణాలే. చర్మాన్ని కమిలించడంలో ముందుండే యూవీ-బి, అంటే 280 నుంచి 315 నానోమీటర్ల భాగం, నేలకు చేరే అతినీలలోహిత కాంతిలో ఇరవయ్యో వంతు మాత్రమే. 280 కంటే పొట్టి తరంగాలను ఆక్సిజన్, ఓజోన్ పైనే పూర్తిగా పీల్చేస్తాయి.

యూవీ సూచిక ఈ కిరణాలన్నిటినీ సమానంగా లెక్కించదు. ఏ తరంగదైర్ఘ్యం చర్మాన్ని ఎంతగా ఎర్రబరుస్తుందో అంత బరువు దానికి ఇస్తుంది. 298 నానోమీటర్ల వరకు పూర్తి బరువు. అక్కడినుంచి పడిపోతూ 328 దగ్గరకు వచ్చేసరికి ఆరు వందల వంతుల్లో ఒకటికి కూడా తక్కువ. ఇలా బరువు కట్టి కూడిన శక్తి చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లయితే సూచిక 1 అని లెక్క. కాబట్టి సూచిక 12 అన్నప్పుడు పరికరం పట్టుకోవలసిన శక్తి చదరపు మీటరుకు 0.3 వాట్లే. అదే పరికరాన్ని కాల్చే ఎండ 1000 వాట్లు. కొలవవలసిన దానికంటే మూడు వేల రెట్లకు పైగా ఉన్న మిగతా వెలుగు, కొలతకు ఏమాత్రం పనికిరాకపోయినా, పరికరాన్ని వేడెక్కించే పని మాత్రం మానదు.

దీనికి తోడు, నేలకు చేరే కాంతి ఈ ప్రాంతంలో విపరీతమైన వాలుతో పెరుగుతుంది. 290 నుంచి 320 నానోమీటర్లకు వెళ్లేసరికి దాని తీవ్రత వేల రెట్లు పెరుగుతుంది. అంటే పరికరం స్పందించే తరంగాల హద్దు పొడవు తరంగాల వైపు ఏ కాస్త జరిగినా, కొత్తగా వచ్చి పడే కాంతి కాస్తంతగా ఉండదు. వేడి సాధారణంగా చేసే పని సరిగ్గా ఆ జరపడమే.

ఫాస్ఫర్ మీటరు లోపల

నేలమీద విస్తృతంగా వాడుకలోకి వచ్చిన యూవీ-బి పరికరాల్లో రాబర్ట్‌సన్-బర్గర్ మీటరు పేరు ముందు చెప్పుకోవాలి. 1970ల నుంచి అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ దాన్ని కేంద్రాల్లో నెలకొల్పారు. ఇప్పుడు దొరికే ఖరీదైన మీటర్లలో చాలావాటికి మూలం ఆ నమూనాయే. దాని పని తీరు ఇలా ఉంటుంది. పైన ఉన్న నల్లని గాజు ఫిల్టరు కంటికి కనిపించే కాంతిని చాలావరకు ఆపి, అతినీలలోహిత కాంతిని లోపలికి పంపుతుంది. ఆ కాంతి మెగ్నీషియం టంగ్‌స్టేట్ అనే ఫాస్ఫర్ పూత మీద పడుతుంది. పూత దాన్ని పీల్చుకుని ఆకుపచ్చ కాంతిగా వెలిగిస్తుంది. కింద ఉన్న ఆకుపచ్చ గాజు ఆ వెలుగును మాత్రమే వెళ్లనిచ్చి, తప్పించుకొచ్చిన మిగతా కాంతిని అడ్డుకుంటుంది. చివరన ఉన్న ఫొటోడయోడ్ ఆ వెలుగును విద్యుత్తుగా మారుస్తుంది.

ఈ వరుసలో వేడికి ఎక్కువగా లొంగేది ఫాస్ఫరే. ఏ తరంగాలకు అది వెలుగుతుంది, ఏ తరంగాలకు వెలగదు అన్న హద్దు కత్తితో కోసినట్టు ఉండదు. ఉష్ణోగ్రత పెరిగితే స్ఫటికంలో పరమాణువుల కంపనం పెరిగి, ఆ హద్దు పొడవు తరంగాల వైపు పాకుతుంది. అక్కడ సూర్యకాంతి దట్టంగా ఉంటుంది కనుక సంకేతం పెరుగుతుంది. ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే ఏర్పాటు లేని ఈ రకం మీటర్లలో ఈ పెరుగుదల డిగ్రీకి సుమారు ఒక శాతం దాకా ఉంటుంది. వినడానికి ఒక శాతం చిన్నదే. హైదరాబాద్ మేడ మీద అది ఎంత అవుతుందో చూద్దాం.

మీటరును ప్రయోగశాలలో 25 డిగ్రీల వద్ద క్యాలిబ్రేట్ చేశారనుకుందాం, అంటే తెలిసిన కాంతితో పోల్చి దాని అంకెలను సరిచేశారనుకుందాం. మేలో మధ్యాహ్నం దాని లోపలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరింది. తేడా 20 డిగ్రీలు కనుక స్పందన 20 శాతం పెరుగుతుంది. తెర మీద 14 కనిపిస్తే దాన్ని 1.20తో భాగించాలి. అసలు విలువ 11.7. సూచికలో రెండు అంకెలకు పైగా వేడి కలిపినవే.

లోపల 45 డిగ్రీలంటే అతిశయోక్తి అనిపించవచ్చు. బేగంపేట వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే తెల్లని జాలీ పెట్టెలో, నేలకు కొంత ఎత్తున తీసుకున్నది. యూవీ మీటరుకు ఆ భాగ్యం ఉండదు. నాలుగు వైపులా ఏ అడ్డూ లేకుండా ఆకాశం మొత్తం కనబడాలి కాబట్టి దాని చోటు ఎండలోనే. కింద కాలిన కాంక్రీటు స్లాబు, పక్కన పిట్టగోడ, ఆ వెనక నల్లని నీళ్ల ట్యాంకు, ఇవన్నీ దాని మీదికే వేడి కక్కుతుంటాయి. గాలి ఉష్ణోగ్రత 40 ఉన్న రోజున మీటరు లోపల 45 ఉండటం వింతేమీ కాదు. గాలి స్తంభించిన రోజున అంతకు మించుతుంది కూడా.

మే 9 ఉదయం, అదే రోజు మధ్యాహ్నం

హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు కనుక సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. నీడ మాయమయ్యే రోజులుగా ఇవి ఈమధ్య బడిపిల్లలకు కూడా పరిచయమయ్యాయి. మే 9న నడినెత్తి సమయం 12 గంటల 12 నిమిషాలు. అంటే ఉదయం 9:42కూ, మధ్యాహ్నం 2:42కూ సూర్యుడు ఆకాశంలో ఒకే ఎత్తున ఉంటాడు. ఓజోన్, దుమ్ము, మబ్బు మారకపోతే ఆ రెండు వేళలా నేలకు చేరే అతినీలలోహిత కాంతి సమానం. ఆ కాంతి సూచికలో 8 అనుకుందాం.

కాని వేడి సూర్యుడితో పాటు 12:12కు శిఖరం ఎక్కదు. నేల, గోడలు, గాలి వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి ఉష్ణోగ్రత మూడు గంటల వేళకు గాని పతాక స్థాయికి చేరదు. ఉదయం 9:42కు మీటరు లోపల 38 డిగ్రీలు, మధ్యాహ్నం 2:42కు 48 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, అదుపు ఏర్పాటు లేని మీటరు ఉదయం 9.0, మధ్యాహ్నం 9.8 చూపిస్తుంది. రెండూ తప్పే, అందులో మధ్యాహ్నపు తప్పు పెద్దది. ఈ అంకెలను చూసిన విశ్లేషకుడు మధ్యాహ్నానికి దుమ్ము తగ్గిందనో, ఓజోన్ పలచబడిందనో ఒక కారణం వెతుక్కుంటాడు. ఆ కారణం నమ్మదగినదిగానే ఉంటుంది, ఎందుకంటే హైదరాబాద్ వంటి నగరంలో ఉదయపు వాహనాల పొగ నేలకు దగ్గరగా పేరుకుని, ఎండ ముదిరేకొద్దీ పైకి లేచి పలచబడటం నిజంగానే జరుగుతుంది. నిజమైన ఒక కారణం చేతికి దొరికిన తరవాత అబద్ధపు భాగాన్ని ఎవరూ వెతకరు. ఈ సమస్యలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టే విషయం ఇదేనని నా అభిప్రాయం.

ఏడాది మొత్తం చూసినా కథ అదే. డిసెంబరు మధ్యాహ్నం లోపల 32 డిగ్రీలు, మే మధ్యాహ్నం 44 డిగ్రీలు అనుకుంటే, అసలు విలువలు 7, 12 అయినప్పుడు మీటరు 7.5, 14.3 చూపిస్తుంది. శీతాకాలానికీ వేసవికీ ఉన్న నిష్పత్తి 1.71 నుంచి 1.91కి సాగిపోయింది. ఋతువుల మధ్య తేడా ఉన్నదాని కంటే పెద్దదిగా రికార్డవుతుంది.

ఈ శాతాల పక్కన శాస్త్రవేత్తలు వెతికే తేడాలను పెట్టి చూస్తే పరిస్థితి ఇంకా స్పష్టమవుతుంది. ఓజోన్ ఒక శాతం తగ్గితే చర్మాన్ని కమిలించే కిరణాలు ఒక శాతానికి కాస్త పైగా పెరుగుతాయి. అంటే మీటరు ఒక డిగ్రీ వేడెక్కితే, ఒక శాతం ఓజోన్ పోయినట్టు కనిపిస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు ఈ కిరణాలు 10 నుంచి 12 శాతం పెరుగుతాయి. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌కు, సముద్రపు ఒడ్డున ఉన్న మచిలీపట్నంతో పోలిస్తే ఆ లెక్కన దక్కే అదనం 5, 6 శాతం. రెండు ఊళ్లలో పెట్టిన మీటర్ల మధ్య ఆరు డిగ్రీల తేడా ఉంటే చాలు, ఆ అదనం రెట్టింపై కనిపించవచ్చు, పూర్తిగా మాయమైపోనూ వచ్చు.

ఒక గుణకంతో తీరని లెక్క

డిగ్రీకి ఒక శాతమని తెలిసిపోయింది గదా, లోపలి ఉష్ణోగ్రతను నమోదు చేసి ప్రతి విలువను సరిదిద్దుకుంటే సరిపోదా? చాలావరకు సరిపోతుంది, పూర్తిగా సరిపోదు. వేడి ప్రభావం అన్ని తరంగాల మీద ఒకేలా ఉండదు. ఫాస్ఫర్ బలంగా స్పందించే పొట్టి తరంగాల దగ్గర ప్రభావం తక్కువ, హద్దు దగ్గరి పొడవు తరంగాల్లో ఎక్కువ. ఉదయం, సాయంత్రం సూర్యుడు దిగువన ఉన్నప్పుడు కిరణాలు ఓజోన్ పొరలో ఏటవాలుగా ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. పొట్టి తరంగాలు రాలిపోయి, చేరేవాటిలో పొడవు తరంగాల వాటా పెరుగుతుంది. అందువల్ల అదే మీటరుకు అదే రోజున మధ్యాహ్నం ఒక గుణకం, సాయంత్రం అంతకంటే పెద్ద గుణకం వర్తిస్తాయి. ఓజోన్ ఎక్కువ ఉన్న రోజున మళ్లీ మారుతుంది. దీపం ముందు పెట్టి తీసిన గుణకం సూర్యుడి ముందు సరిగ్గా సరిపోకపోవడానికి కారణమూ ఇదే, ఎందుకంటే దీపం కాంతిలో తరంగాల పాళ్లు సూర్యకాంతిలో లాగా ఉండవు.

లెక్కతో తీరనప్పుడు మిగిలిన దారి వేడిని లోపలికి రానివ్వకపోవడం. మంచి మీటర్లలో ఫాస్ఫరును, ఫొటోడయోడ్‌ను ఒకే స్థిర ఉష్ణోగ్రత వద్ద పట్టి ఉంచుతారు. ఇందులో రెండు సంప్రదాయాలున్నాయి. కొందరు తయారీదారులు 25 డిగ్రీలను ఎంచుకుంటారు. విద్యుత్తు దిశను బట్టి వేడినీ చల్లదనాన్నీ ఇవ్వగల పెల్టియర్ బిళ్ల అందుకు కావాలి. ఇంకొందరు 45 డిగ్రీలు పెట్టుకుంటారు. అక్కడ చిన్న హీటరు చాలు, బయటి ఉష్ణోగ్రత ఎప్పుడూ అంతకంటే తక్కువే ఉంటుంది కనుక వేడి పెట్టడమే తప్ప చల్లార్చే పని ఉండదని వారి ఆలోచన.

చల్లని దేశాల్లో రెండూ బాగానే నడుస్తాయి. దక్కన్ ఎండల్లో రెండింటికీ పరీక్షే. 25 డిగ్రీల మీటరు మేలో తన చుట్టూ ఉన్న లోహపు తొడుగు కంటే ఇరవై డిగ్రీలు చల్లగా లోపలి భాగాన్ని నిలపాలి. లోపల తీసిన వేడిని అప్పటికే కాగుతున్న తొడుగు మీదికే వదలాలి. తొడుగు మరింత వేడెక్కుతుంది, బిళ్ల మరింత శ్రమిస్తుంది, ఒక దశలో ఇక లాగలేక చేతులెత్తేస్తుంది. 45 డిగ్రీల మీటరుకు ఆ బాధ లేదు గాని, తొడుగు లోపల ఎండ వేడే 45 దాటిన క్షణం నుంచి హీటరు ఆగిపోతుంది. ఆ పైన ఉష్ణోగ్రత తనంతట తాను పోతుంది, ఆపేవారుండరు. అంటే రెండు ఏర్పాట్లూ విఫలమయ్యే వేళ ఒకటే: ఏడాదిలో యూవీ అన్నిటికంటే ఎక్కువగా ఉండే వారాల్లో, రోజులో వేడి ముదిరిన గంటల్లో. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే నేను 45 డిగ్రీల వైపే మొగ్గుతాను. తెల్లని ఎండ కవచం వేసి, గాలి తగిలే చోట నిలబెడితే, అది గాడి తప్పే గంటలు చాలా తక్కువ. ఆ తప్పిన గంటలను లోపల ఉష్ణోగ్రతను కొలిచే చిన్న భాగం, థర్మిస్టర్, దాపరికం లేకుండా చెబుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్తపడాలి. జనవరి ఉదయం 15 డిగ్రీల నుంచి తిరిగి 45కు చేరడానికి దానికి చాలా సమయం పడుతుంది, ఆ లోపు వచ్చిన అంకెలన్నీ పక్కన పెట్టవలసినవే.

థర్మిస్టర్ చెప్పేది కూడా అది ఉన్న చోటి ఉష్ణోగ్రతే. పైనున్న గాజు గోళం, డిఫ్యూజర్, మొదటి ఫిల్టరు ఎండకు దగ్గరగా, అదుపు ఏర్పాటుకు దూరంగా ఉంటాయి. లోపల 45 అని స్థిరంగా చూపిస్తున్నా పై భాగాల ఉష్ణోగ్రత రోజంతా ఊగుతూనే ఉంటుంది.

శీతాకాలపు ఉదయం 19 డిగ్రీలు

డిఫ్యూజర్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. నలుదిక్కుల నుంచి వచ్చే కాంతిని సమంగా లోపలికి తీసుకోవడానికి చాలా పరికరాల నెత్తిన టెఫ్లాన్‌తో చేసిన పాలతెలుపు బిళ్ల ఉంటుంది. వంటింటి పెనానికి పూత వేసేది కూడా ఈ పదార్థాన్నే. 19 డిగ్రీల దగ్గర టెఫ్లాన్ స్ఫటిక నిర్మాణం ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతుంది. ఆ మార్పుతో అది అతినీలలోహిత కాంతిని వెళ్లనిచ్చే పాలు ఒక్కసారిగా మారుతుంది. మార్పు పరిమాణం బిళ్లను బట్టి ఒకటి నుంచి మూడు శాతం వరకు ఉంటుంది. ఇది డిగ్రీకి ఇంత అని సాఫీగా సాగే ప్రభావం కాదు, ఒక మెట్టు.

మేలో హైదరాబాద్‌లో రాత్రి కూడా సాధారణంగా 19కి దిగదు కనుక ఈ మెట్టు గొడవ లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో కథ వేరు. తెల్లవారుజామున 14, 15 డిగ్రీలుండి, మధ్యాహ్నానికి 28కి చేరే రోజుల్లో బిళ్ల ప్రతి ఉదయం 19ని దాటుతుంది, ప్రతి రాత్రి మళ్లీ దిగుతుంది. ఎండ పొద్దెక్కే ఆ వేళ యూవీ వక్రం నున్నగా పైకి లేవవలసిన చోట చిన్న విరుపు కనిపిస్తే, మబ్బు తునక అడ్డొచ్చిందనుకుని వదిలేయడమే ఎక్కువగా జరుగుతుంది. క్వార్ట్జ్ డిఫ్యూజర్‌కు ఈ గుణం లేదు. మన ఊరికి ఈ 19 డిగ్రీల గీత పట్టింపైనది, ఎందుకంటే మన చలికాలం ఆ గీతకు అటూ ఇటూ ఊగే చలికాలం.

సున్నా కూడా కదులుతుంది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ స్పందన పెరగడం, తరగడం గురించి. అవి అసలు విలువను గుణించే తప్పులు. ఇంకొక జాతి తప్పులున్నాయి. అవి కాంతి లేకపోయినా ఉంటాయి, ఉన్న విలువకు కలుస్తాయి. చీకట్లో కూడా ఫొటోడయోడ్ నుంచి సన్నగా కారే విద్యుత్తును డార్క్ కరెంట్ అంటారు. సిలికాన్ డయోడ్లలో ఇది సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. దాని తరవాత ఉండే, సంకేతాన్ని పెద్దది చేసే యాంప్లిఫయర్ సున్నా కూడా వేడికి కదులుతుంది.

దీనికి అందరూ వాడే మందు రాత్రి కొలత. రాత్రి సూర్యుడు లేడు కనుక అప్పటి విలువను సున్నాగా తీసుకుని పగటి విలువల నుంచి తీసేస్తారు. రాత్రి 26 డిగ్రీల వద్ద తీసిన సున్నా, పగలు 46 డిగ్రీల వద్ద పనికిరాదు. ఆ పాటికి డార్క్ కరెంట్ నాలుగు రెట్లయి ఉంటుంది. నడి మధ్యాహ్నం అసలు సంకేతం పెద్దది కాబట్టి ఈ తేడా కలిసిపోతుంది, సాయంత్రం ఐదు గంటల వేళ సంకేతం చిన్నదై వేడి ఇంకా మిగిలి ఉన్నప్పుడు బయటపడుతుంది. పట్టపగలే మూత పెట్టి రెండు నిమిషాలు చూడటం కంటే నమ్మకమైన మార్గం దీనికి లేదు.

తరంగాలను విడదీసి ఒక్కొక్కటిగా కొలిచే స్పెక్ట్రోరేడియోమీటర్లు ఈ మీటర్ల కంటే ఎంతో మెరుగైనవి గాని, వాటికీ వేడి బాధ తప్పదు. లోహపు చట్రం వ్యాకోచించి తరంగదైర్ఘ్యాల కొలబద్ద జరుగుతుంది. 300 నానోమీటర్ల దగ్గర ఒక నానోమీటరులో పదో వంతు జరిగినా విలువ కొన్ని శాతాలు మారిపోతుంది, కారణం మొదట చెప్పిన ఆ విపరీతమైన వాలే. ఓజోన్ కొలతల్లో ప్రపంచమంతటా వాడే బ్రూవర్ పరికరం అందుకే ప్రతి కొలతతోపాటు తన లోపలి ఉష్ణోగ్రతను కూడా రాసి ఉంచుతుంది.

చవక సెన్సార్లు

కోఠిలోని గుజరాతీ గల్లీలో గాని, ఆన్‌లైన్‌లో గాని ఎంఎల్8511, గువా-ఎస్12ఎస్‌డీ వంటి చిన్న యూవీ సెన్సార్లు చవకగా దొరుకుతాయి. ఇంజనీరింగ్ విద్యార్థులు వాటిని ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు తగిలించి యూవీ సూచిక మీటర్లు తయారు చేస్తుంటారు. మెచ్చుకోదగ్గ పనే. ఈ సెన్సార్లు ప్రధానంగా యూవీ-ఎను చూస్తాయి కాబట్టి సూచికతో వాటికి నేరుగా పొంతన కుదరదన్న సంగతి అలా ఉంచి, వేడి విషయమే చూద్దాం.

గువా సెన్సార్ గాలియం నైట్రైడ్ ఆధారంగా చేసినది. ఈ అర్ధవాహకం ఒక హద్దు కంటే పొడవైన తరంగాలను పీల్చదు. ఆ హద్దు మామూలు ఉష్ణోగ్రతలో 365 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, వేడెక్కేకొద్దీ పొడవు వైపు జరుగుతుంది. ఇరవై డిగ్రీలకు దాదాపు ఒక నానోమీటరు. ఎంఎల్8511 తీరు వేరు. యూవీ ఏమీ లేనప్పుడు కూడా అది ఒక వోల్టు ఇస్తుంది, ఆపైన ప్రతి చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీవాటు చొప్పున 0.12 వోల్టులు కలుపుతుంది. వేడికి ఆ ఒక వోల్టు 20 మిల్లీవోల్టులు అటూ ఇటూ అయితే, చదరపు సెంటీమీటరుకు 0.17 మిల్లీవాట్ల యూవీ లేనిచోట పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం ఇది పట్టించుకోనక్కర్లేనంత చిన్నదే, ఉదయం ఏడు గంటలకు మాత్రం కాదు. వీటిని నల్ల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఎండలో వదలడం అలవాటుగా చూస్తుంటాం. అలా పెడితే డబ్బా ఉష్ణోగ్రతను కొలిచినట్టే. తెల్ల డబ్బా, కింద గాలి రంధ్రాలు, సెన్సార్ పక్కనే ఒక థర్మిస్టర్ ఉంటే ఈ చవక పరికరం కూడా చెప్పుకోదగ్గ పని చేస్తుంది.

వానాకాలంలో తేమ మరో తలనొప్పి. ఫిల్టర్ల మధ్యకు చేరిన తేమ వారాల తరబడి స్పందనను మారుస్తుంది. లోపలి సిలికా జెల్ రంగు చూసి మార్చుకోవడం తప్ప పెద్ద చర్చ అక్కర్లేదు.

పొడవైన రికార్డుల దగ్గరికి వస్తే పందెం పెద్దదవుతుంది. అమెరికాలో ఎనిమిది చోట్ల రాబర్ట్‌సన్-బర్గర్ మీటర్లు 1974 నుంచి 1985 వరకు ఇచ్చిన కొలతల్లో యూవీ-బి ఏటా కొద్దికొద్దిగా తగ్గినట్టు 1988లో ప్రకటించారు. ఓజోన్ పలచబడుతోందని ప్రపంచం కలవరపడి, 1987లో ఓజోన్‌ను కాపాడటానికి మాంట్రియల్ ఒప్పందం కుదుర్చుకున్న మరుసటి ఏడాది అది. నగరాల కాలుష్యం కిరణాలను ఆపేసిందన్నవారు కొందరు, మీటర్ల క్యాలిబ్రేషన్‌నే ప్రశ్నించినవారు ఇంకొందరు. ఉష్ణోగ్రత అదుపు లేని మీటరు మీద నిర్మించిన దీర్ఘకాలిక ధోరణిని ఎంతవరకు నమ్మవచ్చన్న చర్చ ఆ తరవాత చాలాకాలం నడిచింది. ఇది మనకు దూరపు విషయం కాదు. కాంక్రీటు పెరిగే నగరంలో, ఇరవై ఏళ్లలో ఒక మేడ చుట్టూ గాలి ఒకటిన్నర డిగ్రీ వేడెక్కితే, అక్కడి పాత మీటరు ఒకటిన్నర శాతం యూవీ పెరుగుదలను చూపిస్తుంది. ఓజోన్ కదలకుండానే ఓజోన్ తరిగినట్టు రికార్డు తయారవుతుంది.

చేతిలో ఉన్న రికార్డుకు ఈ దోషం ఉందో లేదో చూడటానికి ఖరీదైన ఉష్ణ పేటిక లేకపోయినా, హైదరాబాద్ ఆకాశం రెండు సౌకర్యాలు ఇస్తుంది. ఒకటి ఫిబ్రవరి. వేసవి మధ్యాహ్నాల్లో మబ్బులు పుట్టుకొస్తాయి కాబట్టి మే పనికిరాదు, ఫిబ్రవరిలో ఉదయం నుంచి సాయంత్రం దాకా నిర్మలంగా ఉండే రోజులు చాలా దొరుకుతాయి. ఫిబ్రవరి 10 ప్రాంతంలో సూర్యుడు 12:30కు శిఖరాన ఉంటాడు. కనుక పదింటి విలువను మూడింటి విలువతో, పదిన్నర విలువను రెండున్నర విలువతో జతకట్టి, ప్రతి జతలోనూ మీటరు లోపలి ఉష్ణోగ్రతల తేడాను పక్కన రాసుకోవాలి. చాలా రోజుల జతలను గ్రాఫులో పెడితే, ఉష్ణోగ్రత తేడా పెరిగేకొద్దీ విలువల తేడా కూడా ఒక గీత మీద పెరుగుతూ పోతుంటే అనుమానం బలపడినట్టే. దుమ్ము వల్ల వచ్చే తేడా అలా ఒక గీత మీద నడవదు, అది రోజుకో తీరుగా చెదిరి ఉంటుంది.

రెండోది ఆ నడినెత్తి రోజుల జంట. మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు ఒకటే, గాలి ఉష్ణోగ్రతల్లో మాత్రం పది డిగ్రీల దాకా తేడా ఉంటుంది. భూమి సూర్యుడికి ఉన్న దూరం కొద్దిగా మారినందువల్ల ఆగస్టులో ఒక శాతం తక్కువ కాంతి వస్తుంది, దాన్ని సరిదిద్దుకోవచ్చు. ఆ రెండు రోజుల ఓజోన్ విలువలు ఉపగ్రహ సమాచారంలో దొరుకుతాయి, వాటినీ లెక్కలో చేర్చాలి. ఆగస్టులో మబ్బు ఎడం దొరకడమే కష్టం. ఒక్క ఏడాదితో తేలకపోవచ్చు. సూర్యుడి ముందు మబ్బు లేనప్పుడు కూడా పక్కనున్న తెల్లని మబ్బులు కాంతిని మీటరు మీదికి తిప్పి విలువను పెంచుతాయి కనుక, ఆకాశం ఫొటో కూడా పక్కన ఉంటే మంచిది. నాలుగైదు ఏళ్ల జంటలు పోగైతే మీటరుకు తనదైన గుణకం ఎంతో, ఈ ఊరి సూర్యుడి కింద, ఈ ఊరి వేడిలో తేలుతుంది. ఆ గుణకాన్ని వెనకటి ఏళ్ల రికార్డుకు వర్తింపజేయాలంటే అప్పటి లోపలి ఉష్ణోగ్రతలు కావాలి. అవి నమోదు కాకపోతే బేగంపేట గాలి ఉష్ణోగ్రత నుంచి అంచనా కట్టుకోవాలి, అప్పుడు ఆ అంచనా వెంట వచ్చే అనిశ్చితిని కూడా ప్రతి విలువ పక్కన రాయాలి.